పరాయి ప్రాంగణంలో పసుపు కండువా



ఇటీవల మా గీతాధ్యయన గోష్ఠి ముగిసిన పిమ్మట ఒక పెద్దాయన నన్ను ప్రక్కకు పిలిచి, నేను నొచ్చుకోకూడదన్నట్లు మందహాసం చేస్తూ అడిగారు: "ఏమండీ, ఇన్నేళ్ళుగా గీత చదువుతున్నారు. అయినా బంతాట చూడటానికి ఊళ్ళు పట్టుకు తిరుగుతారని విన్నాను. ఈ రెండూ ఎలా పొసగుతాయి?" ఆ క్షణంలో నాకు తోచిన సమాధానం చెప్పి తప్పించుకున్నాను. సమత్వాన్ని అభ్యసించడానికి క్రీడాంగణమూ ఒక క్షేత్రమేనన్నాను. వినడానికి బాగానే ఉంది. ఇంటికి వచ్చి దీపం పెట్టి కూర్చుంటే, ఆ మాటలోని అసత్యం నన్ను నిలువనీయలేదు. నేను సమత్వం కోసం వెళ్ళలేదు. మమకారంతో వెళ్ళాను. ఆ మమకారం నా చేత ఒక అపరాధం చేయించింది. ఆ పెద్దాయనకు చెప్పవలసిన అసలు సమాధానం ఇది.

ముందుగా ఈ వ్యసనం నాకు సంక్రమించిన తీరు చెప్పాలి. మా నాన్నగారికి ఫుట్‌బాల్ అంటే ప్రాణం. వారి యౌవనంలో హైదరాబాదు నగర పోలీసు జట్టు దేశంలోనే అగ్రగణ్యం. బొంబాయిలో జరిగే రోవర్స్ కప్పును 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు గెలిచిన జట్టు అది. దానిని తీర్చిదిద్దిన గురువు సయ్యద్ అబ్దుల్ రహీం. ఆయన శిక్షణలోనే భారతజట్టు 1956 మెల్బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగవ స్థానాన్ని, 1962 జకార్తా ఆసియా క్రీడలలో స్వర్ణపతకాన్ని పొందింది. నాన్నగారు ఆ జకార్తా ఆటను పురాణంలా చెప్పేవారు. రాజకీయ కారణాలవల్ల అక్కడి జనసమూహం మనవారిపై ఆగ్రహంతో ఉన్నది. సెనయాన్ స్టేడియమంతా ప్రతికూలంగా ఘోషిస్తున్నది. ఆ ఘోష నడుమ మనవారు దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించారు. ఆ రోజు స్టేడియంలో మనకోసం చప్పట్లు కొట్టినవారు పాకిస్తాను హాకీ జట్టువారేనని ఆనాటి ఆటగాళ్ళు చెప్పుకొనేవారట. "సొంత ఊళ్ళో గెలవడం గొప్పకాదురా, పరాయి నేలమీద నిలబడాలి" అని నాన్నగారు కథ ముగించేవారు. హాకీ జట్టువారి మాటను మాత్రం ఆయన వ్యాఖ్యానించలేదు. ఆ కథలో అసలు రహస్యం అక్కడే ఉన్నదని నాకు చాలాకాలం తరువాత గాని బోధపడలేదు.

2019లో మా నగరానికి ఇండియన్ సూపర్ లీగ్ జట్టు వచ్చింది. హైదరాబాద్ ఎఫ్‌సీ అని పేరు, పసుపు రంగు దుస్తులు, గచ్చిబౌలిలోని బాలయోగి స్టేడియం నివాసం. అప్పటికి నాన్నగారు గతించి చాలాకాలమైంది. మొదటి ఆటకు వెళ్ళినప్పుడు ప్రక్కనున్న ఖాళీ ఆసనాన్ని చూసి నా కన్నులు చెమర్చాయి. ఆనాడే ఒక పసుపు కండువా కొన్నాను. ఆ జట్టు తొలి సంవత్సరం అట్టడుగున నిలిచింది. అయినా నేను వదలలేదు. ఓడే జట్టుపైన మమకారం గెలిచే జట్టుపైన మమకారంకన్నా బలీయమైనది. దానికి ఫలాపేక్ష లేదన్న భ్రమ కూడా తోడవుతుంది గనుక.

సొంత నగరంలో ఆట చూడటం ఒక అనుభవం, పరాయి నగరానికి వెళ్ళి చూడటం పూర్తిగా వేరొకటి. అక్కడ మనవారికి ఒక మూల కేటాయిస్తారు. వేలమంది నడుమ మనం పాతికమందో ముప్ఫైమందో ఉంటాం. మన జట్టు గోలు చేస్తే ఆ మహాప్రాంగణమంతా ఒక్కసారిగా నిశ్శబ్దమై, మన కేకలు మనకే వింతగా వినిపిస్తాయి. వారు గోలు చేస్తే నలుదిక్కులనుండి శబ్దం ఒక గోడలా వచ్చి మీద పడుతుంది. ఆట ముగిసిన తరువాత స్థానికులు వెళ్ళిపోయేదాకా మనలను పోలీసులు కూర్చోబెట్టడమూ ఉంటుంది. ఆ ఖాళీ ఆసనాల మధ్య, ఆరిపోతున్న దీపాల క్రింద, గెలిచినా ఓడినా మనసు తన నిజస్వరూపాన్ని కొంత చూపిస్తుంది.

ఇక నా అపరాధం.

2022 మార్చి 20వ తేదీ, ఆదివారం. గోవాలోని ఫతోర్డా స్టేడియం. కోవిడ్ కారణంగా ఆ సంవత్సరం ఆటలన్నీ గోవాలోనే, ప్రేక్షకులు లేకుండా జరిగాయి. అంతిమ పోటీకి మాత్రం ప్రేక్షకులను అనుమతించారు. మా ప్రత్యర్థి కేరళ బ్లాస్టర్స్. వారి రంగూ పసుపే. వారి అభిమానులు తమను తాము మంజప్పడ అనుకొంటారు, అంటే పసుపు సేన. లీగ్ పట్టికలో మా జట్టు పైన నిలిచినందున పసుపు దుస్తులు మాకు దక్కాయి, వారి ఆటగాళ్ళు వేరొక రంగు ధరించవలసి వచ్చింది. కనుక ఆ సాయంకాలం మైదానంలోని పసుపు మాది, ప్రేక్షకులలోని పసుపు అత్యధికంగా వారిది. మేము కొద్దిమందిమి ఆ పీతసముద్రంలో కలిసిపోయాం. ఎవరు ఎవరో తెలియడానికి కండువా మీది అక్షరాలు చదువుకోవలసిందే.

68వ నిమిషంలో కేరళ గోలు చేసింది. నాకు ఊపిరి ఆగినట్లయింది. 88వ నిమిషంలో సాహిల్ తవోరా దూరంనుండి కొట్టిన బంతి వలలో పడింది. అదనపు సమయంలో ఎవరూ గోలు చేయలేదు. పెనాల్టీలలో మా గోల్‌కీపర్ లక్ష్మీకాంత్ కట్టిమణి మూడింటిని ఆపాడు. 3–1తో కప్పు మాదయింది. నేనూ, నాతో వచ్చిన మా మేనల్లుడూ ఏడ్చాం, నవ్వాం, అపరిచితులను కౌగిలించుకొన్నాం. ఇంతవరకు దోషమేమీ లేదు.

బయటకు వచ్చే దారిలో ఒక మెట్టుమీద ఒక వృద్ధుడు కూర్చొని ఉన్నాడు. పసుపు చొక్కా. రెండు చేతులలో ముఖం దాచుకొని ఉన్నాడు. ప్రక్కన పదేళ్ళ బాలుడు, బహుశా మనుమడు, ఆయన భుజంమీద చెయ్యి వేసి నిలుచున్నాడు. నేను వారిని దాటి వెళ్ళిపోవలసింది. వెళ్ళలేదు. ఆయన ముఖానికి దగ్గరగా కండువాను గిరగిర తిప్పి, "ఇక ఇంటికి పొండి" అని హిందీలో బిగ్గరగా అరిచాను. ఆయన తల ఎత్తలేదు. బాలుడు మాత్రం నన్ను చూశాడు. ఆ చూపులో కోపం లేదు. పెద్దవారు ఇలా కూడా చేస్తారా అన్న వింత ఉన్నది. "వద్దు మామయ్యా, రా" అని మేనల్లుడు నా చెయ్యి పట్టుకొని లాక్కుపోయాడు. వాడు నాకన్నా ముప్ఫై ఏళ్ళు చిన్నవాడు.

మరునాటి ఉదయం ఒక వార్త చదివాను. ఆ ఆట చూడటానికి మోటారుసైకిలుపై గోవాకు బయలుదేరిన ఇద్దరు కేరళ యువకులు కాసరగోడు జిల్లాలో ప్రమాదానికి గురై మరణించారు. వారు మావంటివారే. పసుపు ధరించి పరాయి నేలకు బయలుదేరినవారే. ఆ వృద్ధునికి ఆ సంగతి అప్పటికే తెలుసునో లేదో, ఆయన ఏడ్చినది ఆట కోసమో మరి దేనికోసమో నాకు తెలియదు, ఇక తెలిసే మార్గమూ లేదు. కప్పు గెలిచిన ఆనందం ఆ క్షణంలో నా చేతిలో బూడిద అయింది. తిరుగు ప్రయాణంలో మేనల్లుడు ఆటను గూర్చి మాట్లాడుతుంటే కిటికీలోనుంచి చూస్తూ ఊకొట్టాను.

తరువాత చాలా రోజులు నన్ను వేధించిన ప్రశ్న ఒకటే: నాకు ఆ క్రౌర్యం ఎక్కడనుండి వచ్చింది? నేను స్వభావతః కఠినుడను కాను. వీధిలో ఎవరైనా అలా కూర్చొని ఏడుస్తుంటే ఆగి మంచినీళ్ళు ఇస్తాను. ఆ సాయంకాలం మాత్రం ఆ దుఃఖం నాకు రుచించింది. ఎందుకు?

శంకరభగవత్పాదులు బ్రహ్మసూత్రభాష్యానికి పీఠికగా రచించిన అధ్యాసభాష్యంలో ఒక ఉదాహరణ ఉన్నది. పుత్రుడో భార్యయో క్షేమంగా ఉంటే నేనే క్షేమంగా ఉన్నానని, వారికి వైకల్యం కలిగితే నాకే కలిగిందని మానవుడు భావిస్తాడు. బాహ్యవస్తువుల ధర్మాలను ఆత్మయందు ఆరోపించుకోవడానికి ఆచార్యులు చూపిన మొదటి దృష్టాంతం అదే. దేహం, ఇంద్రియాలు, మనస్సు ఆ తరువాత వస్తాయి. ఏళ్ళ తరబడి ఆ వాక్యాలను చదివి, ఇతరులకు వివరించి కూడా, "మేము గెలిచాం" అన్నప్పుడు నేను చేసినది అదేనని గుర్తించలేకపోయాను. నేను బంతిని ముట్టలేదు. ఒక్క అడుగు పరుగెత్తలేదు. పదకొండుమంది యువకుల శ్రమను నా ఆత్మకు తొడుక్కొని విజేతనయ్యాను. ఆరోపితమైన ఆ విజయానికి పునాది లేదు గనుక దానికి నిరంతరం సాక్ష్యం కావలసి వచ్చింది. ఎదుటివాని కన్నీరే ఆ సాక్ష్యం. నిజంగా గెలిచిన ఆటగాళ్ళు ప్రత్యర్థుల భుజాలు తట్టి ఓదార్చడం నేను అదే సాయంకాలం కన్నులారా చూశాను. వారికి సాక్ష్యం అవసరం లేకపోయింది.

వ్యాధి తెలిసింది. ఔషధం పతంజలి మహర్షి యోగసూత్రాలలోని సమాధిపాదంలో చెప్పినదే. సుఖంలో ఉన్నవారియెడ మైత్రి, దుఃఖంలో ఉన్నవారియెడ కరుణ, పుణ్యమునెడ ముదిత, అపుణ్యమునెడ ఉపేక్ష. ఈ నాలుగు భావనలవల్ల చిత్తం ప్రసన్నమవుతుంది. పరాయి క్రీడాంగణంలో ఈ నాలుగూ గంటన్నర కాలంలో పరీక్షకు వస్తాయి. స్థానికులు గోలు చేసి ఉప్పొంగుతుంటే అది మైత్రికి పరీక్ష. వారు ఓడి తలలు వంచుకొని పోతుంటే కరుణకు. ప్రత్యర్థి ఆటగాడు అద్భుతంగా ఆడితే, మన జట్టుకు నష్టమైనా సరే, ముదితకు. ఎవరో మనలను దూషిస్తే, రెఫరీ నిర్ణయం తప్పనిపిస్తే ఉపేక్షకు. నాకు వీటిలో మూడు దుస్సాధ్యమని, కరుణ మాత్రం సహజమని అనుకొనేవాణ్ణి. ఫతోర్డాలో నేను తప్పినది ఆ సులభమైన దానిలోనే.

అందువల్ల ఆటలు మానివేయాలా అని ఆలోచించాను. పోయినచోటనే వెదకాలన్నది మన పెద్దల మాట. తప్పు జరిగినచోటనే దిద్దుకోవాలని నిశ్చయించుకొన్నాను. అవకాశం త్వరలోనే వచ్చింది, నేను కోరుకోని రూపంలో.

2023–24 సంవత్సరం మా జట్టుకు మహాపతనం. విదేశీ క్రీడాకారులు ఒక్కరొక్కరే వెళ్ళిపోయారు. గెలిపించిన పాతవారిలో అనేకులు లేరు. మిగిలిన యువకులు 22 ఆటలు ఆడి 16 ఓడారు. రెండేళ్ళ క్రితం కప్పెత్తిన జట్టు ఆ పట్టికలో అట్టడుగున నిలిచింది. ఆ నవంబరులో కొచ్చిలో కేరళతో ఆట. నేను బయలుదేరాను.

సికింద్రాబాదులో శబరి ఎక్స్‌ప్రెస్ ఎక్కాను. మండలకాలం ఆరంభమై కొద్దిరోజులే అయింది. పెట్టెనిండా నల్లని వస్త్రాలు, తులసిమాలలు, విభూతి పరిమళం, శరణుఘోష. వారిమధ్య పసుపు కండువాతో నేను. ఒక గురుస్వామి, అరవై దాటినవారు, ప్రక్కకు జరిగి చోటిచ్చారు.

"ఎందాకా స్వామీ?"

"ఎర్నాకుళం స్వామీ. ఫుట్‌బాల్ ఆట చూడటానికి."

"మనవాళ్ళు గెలుస్తారా?"

"గెలవరు స్వామీ."

ఆయన ఒక్క క్షణం నన్ను చూసి, "అయినా పోతున్నారు" అన్నారు. అది ప్రశ్న కాదు, పరిహాసమూ కాదు. తరువాత తమవెంట తెచ్చుకొన్న అటుకుల ప్రసాదం నా చేతిలో పెట్టారు.

నా ప్రయాణాన్ని వారి యాత్రతో సమానం చేయబోను. వారు నలభైయొక్క దినాల నియమంతో, నేలపై నిద్రించి, చన్నీళ్ళ స్నానం చేసి వెళుతున్నారు. నేను టిక్కెట్టు కొని వెళుతున్నాను. అయితే ఆ ఇరవైనాలుగు గంటలలో ఒక విషయం గమనించాను. ఆ పెట్టెలో ఎవరు ఎవరిని పిలిచినా స్వామీ అనే పిలుస్తున్నారు. టిక్కెట్టు పరీక్షించే ఉద్యోగి స్వామి. టీ అమ్మే కుర్రవాడు స్వామి. తన కాలు తొక్కినవాడూ స్వామియే. శబరిమల సన్నిధానంలో తత్త్వమసి అని లిఖించి ఉన్నది. ఆ మహావాక్యాన్ని శాస్త్రజ్ఞానం లేని సామాన్యుడు కూడా అభ్యసించగల ఉపాయంగా పెద్దలు ఈ సంబోధనను ఏర్పరచారని నాకనిపించింది. ఎదుటివానిలోని ఈశ్వరుణ్ణి చూడగలిగిన తరువాత పిలవడం కాదు. పిలుస్తూ పిలుస్తూ చూడటం నేర్చుకోవడం. ఎర్నాకుళంలో దిగేటప్పుడు గురుస్వామికి నమస్కరించి, ఆ సంబోధనను నాతో తీసుకొని వెళ్ళాను.

కలూరులోని స్టేడియం ప్రక్కనే మెట్రో స్టేషను. రైలు దిగిన క్షణంనుండి పసుపే పసుపు. కనబడిన ప్రతి పసుపు చొక్కానూ మనస్సులో స్వామీ అనుకొన్నాను. మొదట అది పాఠం వల్లించినట్లే ఉన్నది. మా జట్టు ఒక గోలు తేడాతో ఓడిపోయింది. వారు గోలు చేసినప్పుడు ఆ ప్రాంగణమంతా లేచి నిలుచుంది. నా ఉదరంలో పాత అగ్ని రగిలింది. స్వామీ, స్వామీ అనుకొంటూ కూర్చున్నాను. మైత్రి కలిగిందని చెప్పలేను. ద్వేషం మాత్రం నిలువలేదు.

ఆట ముగిసిన తరువాత బయట ఒక టీ దుకాణంవద్ద నిలుచున్నాను. నా వయసువాడే ఒకాయన, పసుపు చొక్కా వేసుకొన్నవాడు, నా కండువా చూసి నవ్వి, నేను వారించేలోపే నా టీకి డబ్బులిచ్చాడు. హిందీ కొంత, ఇంగ్లీషు కొంత కలిపి మాట్లాడుకొన్నాం. "ఫతోర్డాకు వచ్చారా?" అని అడిగాడు. వచ్చానన్నాను. "నేనూ ఉన్నాను" అన్నాడు. ఆ తరువాత నాకు తెలియకుండానే ఆ మెట్లమీది వృద్ధుని సంగతి మొత్తం చెప్పాను. బాలుని చూపుతో సహా. ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. నాకు భయం వేసింది. చివరకు అన్నాడు: "బెంగళూరులో ఒకసారి నేనూ అలాగే చేశాను. ఒక కుర్రవాణ్ణి." అంతే. ఆయన నన్ను క్షమించలేదు. క్షమించే అధికారం ఆయనకు లేదని ఆయనకూ తెలుసు. ఆ ఇద్దరు యువకుల ప్రసక్తి నేను తెస్తే, గ్లాసు క్రింద పెట్టి తల వంచుకొన్నాడు. మేమిద్దరం ఆ రాత్రి చెరొక దిక్కుకు వెళ్ళేముందు చేతులు జోడించుకొన్నాం.

2024 మార్చిలో చెన్నైలో ఆట. మేనల్లుడూ వచ్చాడు. ఎవరూ ఊహించని విధంగా మా యువకులు 1–0తో గెలిచారు. ఆ సంవత్సరమంతటికీ అదొక్కటే విజయం, అదీ పరాయి నేలమీద. నాన్నగారు గుర్తుకొచ్చారు. నేను అరిచానా? గొంతు పోయేలా అరిచాను. ఆనందం అపరాధం కాదు. బయటకు వచ్చేముందు కండువాను మడిచి సంచిలో పెట్టుకొన్నాను. దారిలో నీలపు చొక్కాలవారు తలలు వంచుకొని నడుస్తున్నారు. వారిని చూసినప్పుడు లోలోపల ఒక చిన్న తీపి కదలిక కలిగింది. ఉన్నది ఉన్నట్లు చెప్పాలి గనుక చెబుతున్నాను. సంస్కారం దగ్ధం కాలేదు, సన్నగిల్లింది. అది చేతిదాకా, నోటిదాకా రాలేదు. మేనల్లుడు నా సంచివైపు చూశాడు, ఏమీ అనలేదు. తన కండువానూ తీసి జేబులో పెట్టుకొన్నాడు.

2025లో ఆ జట్టు హైదరాబాదును విడిచి ఢిల్లీకి తరలిపోయింది, వేరొక పేరు ధరించింది. ఏ నామరూపాలను నేనని భ్రమించి ఒక వృద్ధుణ్ణి అవమానించానో, ఆ నామరూపాలు నేడు లేవు. కప్పు గెలిచిన "మేము" ఎవరమో చెప్పమంటే చూపడానికి నా దగ్గర ఒక పాత గుడ్డ మాత్రమే ఉన్నది. జట్టు పోయింది, గెలుపు పోయింది. నేను చేసిన కర్మ మాత్రం నాతోనే ఉన్నది.

గోష్ఠిలో నన్నడిగిన పెద్దాయనకు ఇప్పుడు సమాధానం చెప్పగలను. అయ్యా, ఈ రెండూ పొసగవు. పొసగని ఆ చోటనే నాకు గీత కొంచెం అర్థమైంది. ఆ బాలునికి ఇప్పుడు పదమూడు, పద్నాలుగేళ్ళు ఉంటాయి. వాడు ఎక్కడో ఏదో ఆట చూస్తూ ఉంటాడు. వాని జట్టు గెలిచిన నాడు, ఓడినవారి ప్రక్కగా వెళ్ళేటప్పుడు వానికి నేను గుర్తుకు రాకూడదని, వచ్చినా నావలె చేయకూడదని నిత్యపూజానంతరం ప్రార్థిస్తున్నాను.

స్వస్తి.